శిశువు వీపును చూడుడు

బిడ్డ పుట్టినంతనే ఇంటివారు ముఖము చూచి మురియుదురు. వీపును త్రిప్పి చూడవలెనని పలువురకు తోచదు. కాని నడుముపై నుండు ఒక చిన్న వెండ్రుకల కుచ్చు గాని, మెత్తని బుడిపె గాని వెన్నులోని జబ్బునకు గుర్తు కావచ్చును. ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దు పల్లెల పంచాయతీ సభ్యులకు ఈ సంగతి వివరించుటయే మా ఉద్దేశము.

గర్భము నిలిచిన 28 దినములలోపుననే శిశువు వెన్నుపాము గొట్టమువలె మూసికొనును. ఈ మూత సరిగా జరుగనిచో చర్మమునకు గాని, క్రొవ్వునకు గాని చెందిన కణములు అరుదుగా లోపల చిక్కుకొని కణితులగును. క్రొవ్వు కణితిని లిపోమా అనియు, చర్మకణముల కణితిని డెర్మాయిడ్ అనియు వైద్యులు పిలుతురు. ఇవి సాధారణముగా కాన్సరు కావు. అయినను పొట్టి పలుపుతో కట్టిన దూడ మెడ లాగబడినట్లు, బిడ్డ ఎదిగిన కొలది వెన్నుపాము లాగబడి నరములు చెడును.

చూడవలసిన గుర్తులు ఇవి: నడుముపై వెండ్రుకల కుచ్చు, బుడిపె, ఎఱ్ఱని మచ్చ, పిరుదుల చీలికకు ఎగువనున్న గుంట లేక సన్నని రంధ్రము. పెరిగిన పిల్లలలో ఒక కాలు సన్నబడుట, పాదము వంకరపోవుట, 5 ఏండ్లు దాటినను మూత్రము అదుపులో లేకుండుట, పాదమున నొప్పిలేని పుండు. చీలిక లోపల తోకయెముక వద్దనుండు చిన్న గుంట సాధారణముగా హాని చేయదు. అయినను నిర్ణయింపవలసినది వైద్యుడే.

రంధ్రములో పుల్ల గ్రుచ్చరాదు, పసరు పోయరాదు, వాత పెట్టరాదు. ఆ దారిన చీము మెదడు పొరలకు ప్రాకినచో ప్రాణాపాయము కలుగును.

ఒకసారి చెడిన నరములు తిరిగి బాగుపడుట కష్టము. శస్త్రచికిత్స ముఖ్యముగా మిగిలిన శక్తిని నిలుపుటకే. కావున ఆలస్యమైనచో బిడ్డ నడకయే పోవచ్చును.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూచుటకు ఆశా కార్యకర్త 42 దినములలో 6 మార్లు ఇంటికి వచ్చును. ప్రతిమారు వీపును చూడుమని సభ్యులు ఆమెను కోరవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 18 ఏండ్లలోపు పిల్లలను అంగన్‌వాడీలలోను, బడులలోను పరీక్షింతురు. వెన్ను లోపములు ఆ పట్టికలో కలవు. అనుమానమున్న బిడ్డను భద్రాచలము ప్రాంతీయ ఆసుపత్రికి పంపవలెను. అచ్చటి వైద్యుల సలహాపై ఎం.ఆర్.ఐ. పరీక్షకును, హైదరాబాదు నిమ్స్ వంటి ఆసుపత్రులలోని నాడీశస్త్రవైద్యుల వద్దకును పోవచ్చును. ఖర్చు విషయమై ఆరోగ్యమిత్రను అడుగవలెను. వాగులు పొంగు కాలమునకు ముందే ప్రయాణము ఏర్పాటు చేయుట మేలు.

గర్భము ధరించక ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనినచో వెన్ను మూసికొనని లోపములు చాలవరకు తగ్గును. 1991లో వెలువడిన బ్రిటిషు పరిశోధనలో, అట్టి బిడ్డను ముందే కన్న తల్లులకు అధిక మోతాదున ఈ ఆమ్లము నీయగా, ఆ లోపము మరల వచ్చుట 72 శాతము తగ్గెను. అట్టి తల్లులు తమ మోతాదును వైద్యునినే అడుగవలెను. అయినను మాత్ర అన్ని లోపములను ఆపదు. వచ్చు పంచాయతీ సమావేశమున ఈ విషయము చర్చించి, మీ ఊరి పసిబిడ్డల వీపులు చూడబడినవో లేదో విచారింపుడు.