హైబ్రిడ్ విధానం

ఆరోగ్య బీమాలో ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీ బాధ్యత పంచుకుంటే దాన్ని హైబ్రిడ్ విధానం అంటారు.

వార్తల్లోకి ఎందుకు? రాష్ట్ర ఆరోగ్య పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవను ఈ పద్ధతికి మార్చే విధానాన్ని 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించింది. కుటుంబానికి ఏడాదికి రూ.25 లక్షల వరకు వైద్యం. అందులో మొదటి రూ.2.5 లక్షలు బీమా కంపెనీ, ఆపైది పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు భరించాలన్నది ప్రతిపాదన.

ఎలా పనిచేస్తుంది? నెల్లూరు తీరంలో జువ్వలదిన్నె మత్స్యకారుడికి రూ.4 లక్షల ఆపరేషన్ అవసరమైందనుకుందాం. రూ.2.5 లక్షలు కంపెనీ, రూ.1.5 లక్షలు ట్రస్టు ఆసుపత్రికి చెల్లిస్తాయి. ప్రీమియం కట్టేది ప్రభుత్వమే.

తేడా ఏమిటి? ట్రస్టు పద్ధతిలో ఖజానా నుంచి నేరుగా చెల్లింపు. నిధులు ఆలస్యమైతే ఆసుపత్రుల బకాయిలు పేరుకుపోతాయి. బీమా పద్ధతిలో ఖర్చు పెరిగే భారం కంపెనీది. కానీ క్లెయిమ్ తిరస్కరిస్తే దానికే లాభం. 2007లో ఈ పథకం తొలి రూపమైన ఆరోగ్యశ్రీ కూడా ప్రైవేటు బీమా కంపెనీతోనే మొదలై, తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. 2018 నాటి కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ మాత్రం బీమా, ట్రస్టు, హైబ్రిడ్ మూడింటినీ అనుమతిస్తోంది.

ప్రైవేటు మార్కెట్ తనంతట తాను చేపల వేటకెళ్లే కుటుంబం దగ్గరికి రాదు. వేట నిషేధం రోజుల్లో రాబడి లేని ఇల్లు ప్రీమియం కట్టలేకపోతుంది. అందుకే కంపెనీ ఉన్నా పూచీ ప్రభుత్వానిదే కావాలి: క్లెయిములకు గడువు, తిరస్కరణకు కారణం, అప్పీలుకు దారి తప్పనిసరి.