గట్టి ఫిన్స్‌కు నిదానపు కాలు

ధర్మపురి దగ్గర గోదావరి దక్షిణ దిక్కుగా పారుతుంది. దక్షిణవాహినిలో స్నానం చేసి లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. 2015 పుష్కరాలకు ఈ ఘాట్‌లు జనంతో కిక్కిరిసిపోయాయి. అలాంటి రోజుల్లో ఒడ్డున కాపలా ఉండేది గజ ఈతగాళ్లే. వాళ్లలో చాలామందిది కొలనులో నేర్చిన ఈత కాదు. చిన్నప్పుడు నడుముకు ఎండిన సొరబుర్ర కట్టుకుని బాయిలోకి దూకినప్పుడు మొదలైన ఈత అది. మోకాలు మడిచి, పాదాలతో నీళ్లను టపటపా కొట్టి తేలడం ఆ ఈత పద్ధతి. వట్టికాళ్లకు అది సరిగ్గా సరిపోతుంది. పాదం చిన్నది, అది తోసే నీరు కొద్దిది, కాబట్టి ఎక్కువసార్లు కొట్టక తప్పదు.

అదే కాలికి స్కూబా డైవింగ్‌లో వాడే గట్టి ఫిన్స్ (పాదాల రబ్బరు రెక్కలు) తొడిగితే మొదటి రోజు కథ తారుమారవుతుంది. నదిని అవలీలగా ఈదేవాడు కూడా కొద్దిసేపటికే పిక్కలు పట్టేసి ఆగిపోతాడు. బలం చాలక కాదు, ఉన్న బలాన్ని అలవాటు కొద్దీ పాత చోటే పెట్టడం వల్ల. గట్టి ఫిన్ అడిగేది బలమైన తన్ను కాదు, నెమ్మదైన తన్ను.

ఈ రబ్బరు రెక్కల చరిత్ర మరీ పాతదేం కాదు. ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియు 1933లో వీటికి పేటెంట్ తీసుకున్నాడు. ఓవెన్ చర్చిల్ అనే అమెరికన్ 1940లో తన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టాడు. 1943లో కూస్తో, గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరం తయారుచేశాక మనిషి వీపున సిలిండర్ మోస్తూ నీటి అడుగున తిరగగలిగాడు. ఆ బరువును, తేలడానికి తొడిగే గాలిసంచి చొక్కాను, గొట్టాలను నీటిలో ముందుకు నెట్టాలంటే మెత్తని రెక్క వంగిపోయి నీటిని జారవిడుస్తుంది. 1964లో ఫ్రాన్స్‌కు చెందిన బ్యూషా సంస్థ పొట్టిగా, వెడల్పుగా, మందపాటి రబ్బరుతో, మధ్యలో రంధ్రాలున్న జెట్‌ఫిన్స్ తెచ్చింది. అదే తరహా ఫిన్స్‌ను నేటికీ ఎందరో డైవర్లు వాడుతున్నారు.

రెక్క గట్టిదైతే ఒక్క తన్నుకు కదిలే నీరు ఎక్కువ. ఆ నీటిని కదిపే భారమంతా కాలి మీదే పడుతుంది. దానికి తోడు నీటికో మొండి లెక్క ఉంది. వేగం రెట్టింపు చేస్తే నీటి అడ్డు నాలుగు రెట్లవుతుంది, కావాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పైగా 10 మీటర్ల లోతులో తీసే ప్రతి శ్వాసకూ సిలిండర్ నుంచి ఒడ్డున ఖర్చయ్యే దానికి రెట్టింపు గాలి పోతుంది. తొందరపడి కాళ్లాడించే డైవర్ కొద్ది దూరమే ముందుకెళ్లి చాలా గాలి పోగొట్టుకుంటాడు. అంతకంటే పెద్ద ప్రమాదం ఆయాసం. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటే గాబరా పుడుతుంది. నీటి అడుగున గాబరా ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే కాలి పని తుంటి దగ్గర మొదలవ్వాలి. తొడ కదులుతుంది, మోకాలు కొంచెమే వంగుతుంది, చీలమండ వదులుగా, వేళ్లు వెనక్కి సాగి ఉంటాయి. తొడలోనూ పిరుదుల్లోనూ ఉన్నవి శరీరంలోకెల్లా పెద్ద కండరాలు, అవి త్వరగా అలసిపోవు. పిక్క చిన్న కండరం, పాదాన్ని విదిలించి తన్నేవాళ్లకు ముందుగా పట్టేసేది అదే. రెండు పాదాల మధ్య ఎడం కూడా తక్కువ చాలు. కాళ్లు మరీ ఎడంగా చాపితే శరీరం వెనకాల నీటికి అదనపు అడ్డు తయారవుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పును శిక్షకులు సైకిల్ తొక్కడం అంటారు. బరువు తప్పించుకోవడానికి మోకాలు కడుపు వైపు లాక్కోవడంతో రెక్క నీటిని తోయకుండా అంచు మీద జారిపోతుంది. కాలికి హాయిగానే ఉంటుంది, మనిషి మాత్రం కదలడు. గట్టి ఫిన్స్ వేసుకున్న వాళ్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే తప్పించుకోవాల్సిన బరువూ ఎక్కువే.

కప్ప ఈత వచ్చినవాళ్లకు ఇక్కడ ఓ వెసులుబాటు ఉంది. డైవర్లు ఫ్రాగ్ కిక్ అనేది దాదాపు అదే. బోర్లా అడ్డంగా తేలుతూ మోకాళ్లు మడిచి, అరికాళ్లు బయటికి తిప్పి, నీటిని వెనక్కి ఊడ్చి, రెండు రెక్కలు దగ్గరికి చేర్చి, అలాగే జారనివ్వాలి. ఆ జారే క్షణం పూర్తయ్యేదాకా మళ్లీ తన్నకూడదు. ఊపిరి వదలడానికీ అదే సమయం. మెలితిప్పినా వంగిపోని పొట్టి గట్టి రెక్కకు ఈ తన్ను బాగా కుదురుతుంది. ఇంకో లాభం, నీరు అడుక్కి కాకుండా వెనక్కి పోతుంది. చెరువులోనైనా నదిలోనైనా అడుగున ఒండ్రు ఉంటే పైకీ కిందకీ కొట్టే కాలు దాన్ని లేపి కళ్లముందు చీకటి చేస్తుంది. ఫ్రాగ్ కిక్‌తో ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

తూకం సంగతి చాలామంది పట్టించుకోరు. మందపాటి రబ్బరు ఫిన్స్ నీటిలో మునుగుతాయి. విశాఖ లాంటి వెచ్చని తీరంలో పలుచని సూట్ వేసుకుంటే కాళ్లు తేలే గుణం తక్కువ, ఆ పైన ఈ బరువు. కాళ్లు కిందికి దిగి ఒళ్లు ఏటవాలు అవుతుంది, నీటికి ఛాతీ అడ్డొస్తుంది. ఇంకా గట్టిగా తన్నడం దీనికి మందు కాదు. నడుము పట్టీలోని సీసం బరువులు కొన్ని తీసి సిలిండర్ పైభాగం దగ్గర కట్టుకుంటే ఒళ్లు సమంగా వస్తుంది. ఫిన్ బూటుకు సరిపోవడం కూడా అంతే ముఖ్యం. వదులైతే తన్ను వృథా, బిగుతైతే అరికాలు పట్టేస్తుంది. పిక్క పట్టేస్తే ఆగి, ఫిన్ కొస చేత్తో పట్టుకుని మోకాలు చాపుతూ తన వైపు లాక్కోవాలి. కాసేపటికి కండరం వదులవుతుంది.

ఇదంతా నేర్చుకునే చోటు కొలనే, నది కాదు. మొదట సిలిండర్ లేకుండా, స్నార్కెల్‌తో గోడ పట్టుకుని తుంటి నుంచి కాలు కదపడం. తరువాత కొలను ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని తన్నులు పడుతున్నాయో లెక్కపెట్టడం. గడియారం చూడకూడదు. తన్నుల లెక్క తగ్గుతుంటే కాలు దారిలో పడినట్టు. ఆ తరువాతే సిలిండర్, గాలి మీటరు.

గట్టి ఫిన్స్ ఉన్నాయని వరదతో పోటీ పడగలమనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. గంటకు రెండు కిలోమీటర్ల ప్రవాహానికి ఎదురీదడమే మామూలు డైవర్‌కు గగనం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు వరద సుడులు ఎలాంటివో ఆంధ్రప్రదేశ్ అంతా చూసింది. బోటును వెలికితీయడానికి ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో రోజుల తరబడి శ్రమించింది, విశాఖ నుంచి వచ్చిన డైవర్లు తోడయ్యారు. చివరికి అక్టోబర్ 22న బోటు బయటికొచ్చింది. అలాంటి నీటిలో డైవర్ ప్రాణం ఆధారపడేది నడుముకున్న తాడు మీద, ఒడ్డున తాడు పట్టుకున్న మనిషి మీద. ఫిన్స్ పాత్ర ఆ తరువాతిదే.

నీటిపై తేలుతున్న మనిషిని ఒడ్డుకు లాగడంలో మాత్రం పొట్టి గట్టి ఫిన్స్ ఎంతో ఉపయోగపడతాయి. చేతులు రెండూ బాధితుడిని పట్టుకున్నప్పుడు ఈదాల్సింది కాళ్లే. గోదావరి పుష్కరాలు 2027లో మళ్లీ వస్తున్నాయి. ధర్మపురి ఘాట్‌ల దగ్గర నిలబడబోయే గజ ఈతగాళ్ల చేతికి పుష్కరాల ముందురోజు ఫిన్స్ ఇచ్చి ప్రయోజనం లేదు. కొన్ని నెలల ముందే కొలనులో శిక్షణ ఇప్పించాలి, పాత కాలి అలవాటు మారేదాకా సాధన చేయించాలి. జిల్లా యంత్రాంగం ఆ ఏర్పాటు ఇప్పుడే మొదలుపెట్టాలి.