వృద్ధుల పింఛను – వ్రేలిముద్ర

పనిచేయు చేతులు తగ్గి, ఆదరణ కోరు చేతులు పెరుగునపుడు ఆర్థిక విధానము అందుకు తగినట్లు మారవలసి యుండును. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10.4 కోట్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీ ఒక్కరికి సగటు సంతానము ఆంధ్రప్రదేశ్‌లో 1.7గాను, తెలంగాణలో 1.8గాను తేలినది. ఒక తరము స్థానమును మరియొక తరము నింపుటకు 2.1 అవసరము. కావున వృద్ధుల పాలు మున్ముందు పెరుగుచునే యుండును.

వృద్ధాప్య పింఛను ముసలివారి పూట గడుపుటయే గాక, గ్రామపు అంగడికిని ఊతమగును. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి ఇది నెలకు 4,000 రూపాయలైనది. సొమ్ము అసలు హక్కుదారునకే చేరునట్లు యంత్రము వ్రేలిముద్రను ఆధార్ వివరములతో సరిపోల్చును. దీనివలన ఒకరి సొమ్ము వేరొకరు కాజేయుట కష్టమైనది.

అయితే జీవితమంతయు నాగలి, కొడవలి పట్టిన వ్రేళ్ళ గీతలు అరిగిపోవును. అట్టి చేతిని యంత్రము గుర్తింపజాలదు. ఇందులకే కనుపాపను, ముఖమును గుర్తించు పద్ధతులు ఏర్పడినవి. విశ్రాంత ఉద్యోగులు ఏటేట ఇచ్చు జీవన ధ్రువపత్రమునకు 2021లో ముఖ గుర్తింపు కూడ ప్రవేశపెట్టబడినది.

వ్రేలిముద్ర పడలేదని ఏ వృద్ధుడును వట్టిచేతులతో మరలిపోరాదు. అట్టివారు వేరు పద్ధతిని కోరవలెను. చదువుకొన్న యువజనులు వారికి తోడు నిలువవలెను. ఫోనుకు వచ్చు రహస్య సంఖ్యను మాత్రము ఎవరికిని తెలుపరాదు. శ్రమించి అరిగిన చేతికి అన్నము అందించినపుడే యంత్రము సార్థకమగును.