ఎల్‌బీ నగరునుండి బెజవాడకు: కారు ప్రయాణపు ఖర్చు లెక్క

రైతు సోదరులకు ఎల్‌బీ నగరు క్రొత్త చోటు గాదు. గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు 2021 లో బాటసింగారమునకు తరలువరకు నల్లగొండ బత్తాయి ఈ కూడలి మీదుగనే పోవుచుండెను. 65 వ జాతీయ రహదారిని బెజవాడకు పోవువారు నేడును ఇచ్చటనే కూడుకొందురు. నగరపు టావలి కొసనున్న బంధువులు మియాపూరునుండి మెట్రో రైలున నేరుగా ఇచ్చటికి రావచ్చును. వారికొరకు కారును ఊరంతయు త్రిప్పనక్కరలేదు.

విత్తు, ఎరువు, కూలి లెక్కింపక దుక్కికి దిగు రైతు లేడు. పెండ్లికో, విత్తనములకో కారెక్కునపుడు మాత్రము “చూచుకొందములే” యని బయలుదేరుదురు! కావున ముందు లెక్క వేయుదము. రానుపోను సుమారు 540 కిలోమీటర్లు. లీటరునకు 18 కిలోమీటర్లు నడచు కారునకు 30 లీటర్ల పెట్రోలు కావలెను. లీటరు 110 రూపాయలని వేసికొన్నచో 3,300 రూపాయలు. ఐదుగురు పంచుకొన్న తలకు 660. ఇద్దరే యైన 1,650. ఇద్దరికి కారు దండుగ. వారికి ఎల్‌బీ నగరు మీదుగా పోవు ఆర్టీసీ బస్సే మేలు. కనీసము నలుగురు కూడినగాని కారు మాట తలపెట్టరాదని నా యభిప్రాయము.

ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు ధర తెలంగాణకంటె హెచ్చు గనుక, సరిహద్దు దాటకమున్నే కోదాడలో టాంకి నింపుకొనుట మంచిది. వేగమునుగూర్చి యొకమాట. గాలి యెదురు వేగముతో సమముగా పెరుగదు, వర్గముగా పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమును 100 చేసినచో అది యొకటిన్నర రెట్లకు మించును. ఆ భారమంతయు పెట్రోలుమీదనే పడును. టైర్లలో గాలి తక్కువైనను నష్టమిట్టిదే.

పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసరల వద్ద టోలు రుసుము చెల్లింపవలెను. ఫాస్టాగ్ ఖాతాలో సొమ్ము ముందే యుంచుడు. చెల్లుబాటగు ఫాస్టాగ్ లేనివారికి రుసుము హెచ్చు. సొంత కార్లకు 200 మార్లు టోలు దాటుటకు వార్షిక పాసును 2025 ఆగస్టు 15 న 3,000 రూపాయలకు ప్రవేశపెట్టిరి. తరచు పోవువారికది లాభము. ఏడాది కొకమారు పోవువారికి వలదు. సంక్రాంతి ముందర పంతంగికడ బండ్లు బారులుదీరును. అప్పుడు నిలిచిన చోటనే పెట్రోలు కాలును. గుంటూరు, మాచర్లలకు పోవువారు ఆ దినములలో సాగర్ రోడ్డు పట్టుట మేలు.

బాడుగ బండి యైనచో పసుపు బోర్డు చూచి యెక్కుడు. కూడలిలో తెల్ల బోర్డు కార్లవారు చౌకకు పిలుతురు. సొంత వాడుక కారును బాడుగకు త్రిప్పుచుండగా ప్రమాదమైనచో, బీమా కంపెనీ సొమ్ము నిరాకరింపవచ్చును. వంద రూపాయలు మిగిల్చుకొనబోయి కుటుంబమును దిక్కులేనిదిగా చేయవలదు. గది యద్దె మిగులునని రాత్రియెల్ల నడుపుటయు నట్టిదే. తెల్లవారుజామున నడుపువాని కన్ను మూతపడును.

భోజనమునకు పులిహోర కట్టుకొని, ఇంచుమించు సగము దారియైన సూర్యాపేటవద్ద దిగి తినుడు. సొమ్ము బయలుదేరుటకు ముందే వసూలుచేసి యొక్కని చేత నుంచుడు. అతడు చీటీలో వ్రాయుచుండవలెను. లెక్కకుపైన పదవవంతు మరమ్మతులకై వేరుగా నుంచి, మిగిలినది ఇల్లు చేరిన రాత్రియే అందరియెదుట పంచివేయుడు.