మీకు తెలుసా? చీమల పుట్టలో పెరిగే నీలి సీతాకోకచిలుక

యూరప్ పచ్చిక బయళ్లలో ఎగిరే ‘లార్జ్ బ్లూ’ సీతాకోకచిలుక బాల్యం చాలావరకు చీమల ఇంట్లోనే గడుస్తుంది! తల్లి థైమ్ మొక్క మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు రెండు మూడు వారాలు ఆ పూలు తిని నేల మీదికి జారుతుంది. తీపి ద్రవం ఊరిస్తుంది. ఒంటి వాసన అచ్చం చీమపిల్లదే! ఎర్రచీమలు దాన్ని తమ బిడ్డే అనుకుని పుట్టలోకి మోసుకుపోతాయి. అక్కడ అది రాణిచీమ చేసే చప్పుడును కూడా అనుకరిస్తుంది. దాంతో దానికి రాచమర్యాదలే. అది మాత్రం దాదాపు పది నెలలపాటు ఆ చీమల పిల్లలనే తిని బలుస్తుంది. ప్రకృతిలో ఇంతటి మాయవేషం అరుదు. ప్యూపా దశ కూడా పుట్టలోనే. వేసవిలో బయటికి పాకి వచ్చాకే రెక్కలు విప్పుకుంటుంది.

బ్రిటన్‌లో 1979 నాటికి ఇది పూర్తిగా అంతరించింది. కారణం కనిపెట్టింది జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త. పశువులను మేపడం తగ్గి గడ్డి ఏపుగా పెరిగింది, నేల చల్లబడింది. వెచ్చటి నేల కోరే ఆ ఎర్రచీమలు కనుమరుగయ్యాయి. అవి లేక ఇదీ పోయింది. పశువులను మళ్లీ మేపి, 1983లో స్వీడన్ నుంచి ఈ సీతాకోకచిలుక జాతిని తెచ్చి వదిలారు. ఇప్పుడు నైరుతి ఇంగ్లండ్‌లో ఏటా జూన్, జులైల్లో ఎగురుతోంది.