మంచు పడితే దారి వెతికే పందెం

ఓరియెంటీరింగ్ అంటే పటం, దిక్సూచి చేతబట్టి అడవిలో పెట్టిన గుర్తులను వరుసగా చేరుకునే పరుగు పందెం. 1897లో నేటి ఓస్లో దగ్గర తొలి బహిరంగ పోటీల్లో ఒకటి జరిగింది. మన ఇళ్ల పిల్లలు నార్వే, స్వీడన్‌ల దాకా చదువులకు వెళ్తున్నారు గనుక చలికాలపు సంగతి రాస్తున్నాం.

ఈ పటంలో తెలుపు రంగు ఖాళీ నేల కాదు, పరుగెత్తగల అడవి. నీలం నీరు, బురద నేలలు. గోధుమ గీతలు ఎత్తుపల్లాలు. మంచు కురిస్తే కాలిబాటలు, చిన్న గుంటలు, పొట్టి బండలు మాయమవుతాయి. అప్పుడు గోధుమ గీతలే దిక్కు, కొండ ఒంపును మంచు దాచలేదు కదా.

లోతు మంచు వేగం తగ్గిస్తుంది. పలుచటి పొర మాత్రం కాలు విరగ్గొడుతుంది, కింద తడి రాయి, చెట్టు వేరు ఉన్నట్టే తెలియదు. బురద నేల గట్టిగా గడ్డకడితే, వేసవిలో చుట్టి పోవలసిన చోట సూటిగా దాటొచ్చు. సగమే గడ్డకడితే మోకాలిదాకా దిగబడతారు.

న్యాయం మాటా ఉంది. చాలా పోటీల్లో ఒక్కొక్కరినీ నిమిషాల తేడాతో వదులుతారు. ముందువాడు తొక్కిన అడుగులు వెనకవాడికి ఉచిత బాట. ముందువాడే దారి తప్పాడా, వెనక వరుసంతా తప్పినట్టే! స్కీలపై జరిగే పోటీలో ఈ చిక్కు తక్కువ, బాటలు ముందే వేసి పటంలో ఆకుపచ్చ గీతలుగా చూపుతారు.

చెమటతో తడిసినవాడు ఆగిపోతే ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. పిల్లలు వెళ్తామంటే మెడలో ఈల ఉందో లేదో ముందు అడగండి.