సర్వర్‌లో ర్యామ్ అమర్చుకుందాం - భయం వదులుకుందాం



కంప్యూటర్ గది అనగానే మనకు ముందు కనిపించేది తలుపు తాళం. తాళం తీశాక వినిపించేది "ముట్టుకోవద్దు" అన్న మాట. ఆ మాట మన తాతలు ఎన్నెన్ని చోట్ల విన్నారో మనకు తెలియనిది కాదు. కంప్యూటర్ దగ్గర మనం ఆ మాట విని ఊరుకోనక్కరలేదు. తెలియక ముట్టుకుంటే చెడుతుంది, తెలిసి ముట్టుకుంటే బాగుపడుతుంది. ఆ తెలియడం ఎలాగో ర్యామ్ అమర్చే పనితో చెబుతాను.

ర్యామ్ అంటే ఏమిటి?

మన మంచం కింద ట్రంకు పెట్టె ఉంటుంది. పుస్తకాలన్నీ అందులోనే. చదివేటప్పుడు మాత్రం కావలసినవి తీసి ముందు పరుచుకుంటాం. పెట్టె హార్డ్ డిస్క్ అయితే, పరుచుకునే చోటు ర్యామ్. చోటు చాలకపోతే ఒక పుస్తకం లోపల పెట్టి ఇంకొకటి తీయాలి. కంప్యూటర్ నెమ్మదించడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఒకే కంప్యూటర్ చాలామందికి పని చేసిపెడితే అది సర్వర్. ఇలా పంచుకోవడం మనకు కొత్త కాదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్ చదువు తెచ్చినప్పుడు, ఒక్క సి.పి.యు.ను పలువురు పిల్లలు వాడుకునే ఎన్‌కంప్యూటింగ్ పరికరాలు పెట్టారు. ఎవరి తెర, ఎవరి కీబోర్డు వారిదే, ర్యామ్ మాత్రం అందరిదీ. ఇప్పటి జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల్లో చాలా భాగం అప్పటికి వరంగల్ జిల్లాలోనే ఉండేది.

ఒక లెక్క చూడండి. సర్వర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, 20 మంది కూర్చున్నారు. సర్వర్ తన సొంతానికి 4 జీబీ తీసుకుంటే మిగిలింది 12 జీబీ. మనిషికి సుమారు 600 ఎంబీ. ఇంటర్నెట్‌లో నాలుగు పేజీలు తెరిస్తే అది అయిపోతుంది. ఇంకో 16 జీబీ చేరిస్తే మనిషికి 1.4 జీబీ వస్తుంది. కొత్త సర్వర్ కొనకుండానే ఇరవై మంది పని సాగుతుంది.

కొనే ముందు

ర్యామ్‌లన్నీ ఒకటి కావు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. డీడీఆర్5కీ 288 పిన్నులే గానీ కింది అంచున గాటు వేరే చోట ఉంటుంది. కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు.

సర్వర్లలో సాధారణంగా ఇ.సి.సి. రకం వాడతారు. డీడీఆర్3, డీడీఆర్4లలో ఇది ప్రతి 64 బిట్లకు 8 బిట్ల కాపలా పెడుతుంది. ఒక బిట్ తప్పితే తానే సరిదిద్దుతుంది, రెండు తప్పితే హెచ్చరిస్తుంది. పిల్లల మార్కులు, స్కాలర్‌షిప్ లెక్కలు ఉండే చోట ఇది అవసరం. ఇందులోనూ రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ వంటి రకాలున్నాయి. ఆ రెండింటినీ ఒకే సర్వర్‌లో కలపకూడదు. పాత ర్యామ్ మీది చీటీ చూసి రాసుకుని వెళ్తే మోసపోము.

విప్పే ముందు

సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయాలి. చాలా సర్వర్లకు రెండు కరెంటు తీగలుంటాయి, రెండూ పీకాలి. తర్వాత పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది.

ఇక కనిపించని శత్రువు మన ఒంటి మీది స్థిర విద్యుత్తు. దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం ఎనిమిదో తరగతిలో చదువుకున్నాం గదా, అదే ఇది. సుమారు 3,000 వోల్టులు దాటితే గానీ మన చర్మానికి తెలియదు. చిప్పులు అంతకంటే ఎంతో తక్కువకే దెబ్బతినవచ్చు. పొడిగాలి రోజుల్లో ఇది మరీ ఎక్కువ. మణికట్టు పట్టీ ఉంటే కట్టుకోవాలి. లేకపోతే రంగు వేయని పెట్టె లోహాన్ని ముట్టుకుని పని మొదలుపెట్టాలి, మధ్యమధ్య మళ్లీ ముట్టుకోవాలి.

అమర్చడం

మూత లోపలివైపు ఏ స్లాట్ ముందు నింపాలో చాలా సర్వర్లలో బొమ్మ వేసి ఉంటుంది. దాన్ని చదవకుండా చెయ్యి పెట్టకండి. నేర్చుకునే రోజుల్లో నేను ఖాళీ కనిపించిన చోటల్లా పెట్టేశాను. సగం ర్యామ్ లెక్కలోకి రాలేదు. సరుకు పాడైందని వెనక్కి పంపబోయాం. తీరా చూస్తే ఆ సర్వర్‌లో రెండో ప్రాసెసర్ లేదు, దాని పక్క స్లాట్లు పనిచేయవు. తప్పు సరుకుది కాదు, చదవని నాది.

ర్యామ్‌ను అంచులతోనే పట్టుకోవాలి, బంగారు రంగు పిన్నులను తాకకూడదు. మురికి పట్టిందని కొందరు రబ్బరుతో గట్టిగా రుద్దుతారు, పూత లేచిపోతుంది. స్లాట్ చివర్ల కొక్కేలు తెరిచి, గాటును గాడికి సరిచూసి, రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కాలి. కొక్కేలు టక్కున వాటంతటవే పడాలి. పడకపోతే బలం పెంచకండి, తీసి మళ్లీ చూడండి. ఖాళీ స్లాట్లలో ప్లాస్టిక్ పలకలుంటే వాటిని తిరిగి పెట్టాలి. గాలి సరైన దారిన పోవడానికే అవి.

పరీక్ష

మూత వేసి ఆన్ చేశాక తెర చాలాసేపు నల్లగానే ఉండవచ్చు. ర్యామ్ ఎక్కువైతే సర్వర్ దాన్ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కంగారుపడి కరెంటు తీయకండి. బయోస్‌లో మొత్తం లెక్క సరిపోయిందో లేదో చూడండి. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి, ఒక్క తప్పూ రాకపోతేనే పిల్లలకు అప్పగించండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నడిచే సర్వర్ మీద మొదటిసారి చెయ్యి పెట్టమని చెప్పను. మూలన పడేసిన పాత సి.పి.యు. ఒకటి సారును అడగండి. కరెంటు లేకుండా దాని ర్యామ్ పదిసార్లు తీసి, పదిసార్లు పెట్టండి. పదకొండోసారికి మీ చేతుల్లో వణుకు ఉండదు. అప్పుడు ఎవరైనా "ముట్టుకోవద్దు" అంటే, "ఎలా ముట్టుకోవాలో నాకు తెలుసు సార్" అని మర్యాదగా చెప్పండి.